నీళ్ళు తేటగా వచ్చేదాకా

గోధుమలు కడిగితే నీళ్ళు ఎర్రగా రావడం ఆ వీధివాళ్ళు అంతకుముందు ఎన్నడూ చూడలేదు. కొళాయి కింద గంప పెట్టుకుని ఆ ఇల్లాలు కూర్చుందంటే కాలువ పొడుగునా దానిమ్మ రసం పారినట్టు పారేది. మొదటి నీళ్ళు ఎరుపు. తర్వాత గులాబి. ఆ తర్వాత రంగు వెలిసే గుడ్డ జాడించినట్టు. ఆఖరుకి తేట. తేట వచ్చాక కూడా ఇంకొక్కసారి కడిగేది. "కడుపులోకి పోయేదానికి బద్ధకం ఏమిటి" అనేది.

ఆమె మొగుడు విత్తనాల గోదాములో బస్తాలు మోస్తాడు. నోరు విప్పడం తక్కువ కాబట్టి తోటి హమాలీలు గుండ్రాయి అని పేరు పెట్టారు. ఆ పేరే నిలిచిపోయింది. గుండ్రాయి మాట్లాడాలంటే రెండో గుండ్రాయి వచ్చి ఢీకొట్టాలి అని వాళ్ళ హాస్యం.

ఇద్దరికీ ఒక్కతే కూతురు. పట్నంలో హాస్టల్లో ఉండి నేల కొలిచే చదువు చదువుతోంది. మూడు కాళ్ళ మీద గాజు కన్ను పెట్టుకుని దూరాన ఉన్న కర్రను చూస్తుందట. మొదటిసారి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు తల్లి నవ్వింది. "మన నేల కొలవడానికి ఇంత చదువెందుకే? మీ నాన్న కాళ్ళు చాపుకుని పడుకుంటే ఆ గోడ నుంచి ఈ గోడకు సరిపోతుంది."

అది నిజం కూడా. ఒకటే గది. గోడ అవతల కుట్టుపని ఆవిడ. ఆమె మిషను చప్పుడు ఇటువైపు వాళ్ళకు గడియారం.

జీతం వచ్చిన రోజు ఇల్లాలిది ఒకటే లెక్క. ముందు అమ్మాయిది. తర్వాత అద్దె. మిగిలిందే మనం. చదువు ముదిరేకొద్దీ మిగిలేది తగ్గుతూ వచ్చింది. మొదట పాలు మానేశారు. తర్వాత తలనూనె. ఆ తర్వాత బట్టల సబ్బే ఒంటికీ వచ్చింది. ఆమె మధ్యాహ్నం తినడం ఎప్పుడు మానేసిందో గుండ్రాయికి తెలియదు. గోదాములో కూలీలకు మధ్యాహ్నం తిండి పెడతారు, పెట్టకపోతే బస్తా లేవదు గనక. ఒకరోజు పని లేక పెందలాడే ఇంటికి వస్తే పొయ్యి చల్లగా ఉంది. ఇదేమిటని అడిగితే, "మధ్యాహ్నం ఆకలి పెద్దమనుషుల జబ్బయ్యా, మనకు రాదు" అంది.

ఆఖరు ఏడాది వచ్చేసరికి కాలేజీవాళ్ళు ఫీజు పెంచారు. అదే ఏడు గోదాములో సరుకు తగ్గింది, కూలీ తగ్గింది. గోరుచుట్టు మీద రోకటి పోటు. తగ్గించడానికి ఇంట్లో ఇంకేం మిగల్లేదు, తిండి తప్ప.

విత్తనం గోధుమకు నేలలో కుళ్ళకుండా మందు పట్టిస్తారు. తిండి గింజలతో కలిసిపోకుండా ఎర్రరంగు వేస్తారు. బస్తా మీద పుర్రె బొమ్మ ఉంటుంది. అక్షరం రానివాడికి కూడా పుర్రె అర్థమవుతుంది. విత్తే రోజులు దాటిపోయాక ఎలుకలు కొట్టిన బస్తాలు కొన్ని మిగిలాయి. గుమాస్తా గుండ్రాయినే పిలిచాడు, ఎవరికీ చెప్పడని.

"ఊరి బయట గొయ్యి తీసి పూడ్చిరా. లోతుగా తియ్యి. కుక్క కూడా తవ్వకూడదు."

గుండ్రాయి తోపుడు బండి మీద బస్తాలు వేసుకుని బయలుదేరాడు. గొయ్యి తీశాడు. ఒక బస్తా దొర్లించాడు. మూతి ఊడి గింజలు గోతిలో పడ్డాయి. నిండు గింజలు. పైన రంగే గానీ ఒక్క పుచ్చు లేదు. పార పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఒక్క బస్తా మీదే మట్టి కప్పి, మిగతావి గోనెపట్టాల కింద దాచి ఇంటికి తోసుకొచ్చాడు.

ఇల్లాలు గుప్పెట్లోకి తీసుకుని చూసింది. అరచెయ్యి ఎర్రబడింది. చీర చెంగుకు తుడుచుకుంది.

"కడిగితే పోతుందా?"

"రంగు పోతుంది" అన్నాడు.

"మందు?"

"రంగులోనే కదా ఉండేది."

అతనికి అంతే తెలుసు. మందూ రంగూ ఒకే డబ్బాలో కలిపి గింజలకు పట్టించడం కళ్ళారా చూశాడు. కలిసి వచ్చినవి కలిసే పోతాయనుకున్నాడు. అయినా ఆమె ఒట్టి మాట మీద తినే మనిషి కాదు. కడిగి, ఆరబెట్టి, గుప్పెడు గింజలు పట్టుకుని పక్కింటికి వెళ్ళింది.

"అక్కా, నీ కోడికి నాలుగు రోజులు తిండి నేను పెడతా."

"పెట్టవే తల్లీ. నువ్వు పెట్టిన తిండి తిని ఏనుగంత అయితే మీ ఆయన్నే మోసుకుపొమ్మంటా" అంది కుట్టుపని ఆవిడ.

కోడి తిన్నది. మర్నాడు తిన్నది. వారమంతా తిన్నది. గుడ్డు కూడా పెట్టింది. ఇంకేం కావాలి?

అప్పుడు కుట్టుపని ఆవిడకు కూడా చెప్పింది ఇల్లాలు. దాచుకుని ఒక్కతే తినే గుణం ఆమెకు లేదు. పక్కింట్లో మాత్రం ఏముంది గనక, ఒక ముసలి మిషనూ, తల్లి లేని మనవరాలూ. ఆ పిల్ల కాలు ఒకచోట నిలవదని బొంగరం అని పిలిచేవారు. కడిగి మర పట్టించినప్పుడల్లా పిండి ఒక డబ్బాడు ఆ ఇంటికి వెళ్ళేది. బదులుగా ఇల్లాలి చిరుగులన్నీ ఊరికే కుట్టిపెట్టింది ఆవిడ. బేరం ఇద్దరికీ కుదిరింది.

రొట్టెలు మెత్తగా వచ్చేవి. గోదాము తిండి ఉంది గనక గుండ్రాయి రాత్రిపూట ఒకటో రెండో తినేవాడు. ఆమె పొద్దున, రాత్రి అవే. కడుపు నిండుతోందేమో, ఆ నెల మధ్యాహ్నం కూడా తినడం మొదలుపెట్టింది. మొహంలోకి కాస్త కళ వచ్చిందని కూడా అనుకున్నాడు అతను.

సెలవులకు కూతురు రెండు రోజులు వచ్చింది. ఆ రెండు రోజులకూ ఇల్లాలు కొట్టు నుంచి వేరే పిండి తెప్పించింది. పొయ్యి మీద ముందు ఆ పిండి రొట్టెలు, తర్వాత వీళ్ళవి. గుండ్రాయి చూశాడు. మంచిదే అయితే పిల్లకు ఎందుకు పెట్టలేదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతని నాలుక మీదికి వచ్చిన మాటలన్నీ ఎటు పోతాయో అదీ అటే పోయింది.

"నాకు వేరే ఎందుకమ్మా?" అని కూతురే అడిగింది.

"హాస్టల్ తిండికి అలవాటుపడ్డ కడుపు నీది. మా మొరటు పిండి పడదు" అంది తల్లి. మొగుడి వైపు చూడలేదు.

కూతురు వెళ్ళిన కొన్నాళ్ళకు పక్కింటి కోడి ఒరిగి నడవడం మొదలుపెట్టింది. ముందుకు పోదామని అడుగు వేస్తే పక్కకు పోయేది. ఒక్కచోటే గుండ్రంగా తిరిగేది. వీధి పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

"నా కోడి తాగడం నేర్చింది మరిదీ! ఏ కొట్లో పోస్తున్నారో కనుక్కో, నేనూ వెళ్తా" అంది కుట్టుపని ఆవిడ.

గుండ్రాయి నవ్వాడు. నాలుగో రోజుకు కోడి చచ్చింది. కోళ్ళకు ఏదో ఒక రోగం రావడం మామూలే.

ఆ వారమే ఇల్లాలు, "వేళ్ళకు చీమలు పాకినట్టు ఉందయ్యా" అంది. తర్వాత వేళ్ళే లేనట్టు ఉందంది. సూదిలో దారం ఎక్కించలేకపోయింది. పొయ్యి మీది పెనం ఉత్త చేత్తో పట్టుకుని, చర్మం కమిలేదాకా తెలుసుకోలేదు. పక్కనే ఉన్న బిందెను తన్నుకుని పడింది. "పక్కన ఉన్నవి కనబడ్డంలేదు, గొట్టంలోంచి చూసినట్టు ఉంది" అంది. అంటుంటే మాటలు నోట్లో పెద్ద ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వచ్చాయి.

అప్పుడు గుండ్రాయికి కోడి గుర్తొచ్చింది.

పెద్దాసుపత్రిలో పొద్దున నుంచి నిలబడితే మిట్టమధ్యాహ్నానికి వంతు వచ్చింది. డాక్టరమ్మ చిన్నది. మోకాలి మీద సుత్తితో కొట్టి చూసింది, కళ్ళలో దీపం వేసి చూసింది. ముక్కు మీద వేలు పెట్టుకోమంటే ఇల్లాలి వేలు చెవి దగ్గరకు పోయింది.

"ఏం తింటున్నారమ్మా ఇంట్లో?"

"రొట్టె" అన్నాడు గుండ్రాయి.

"ఇంకా?"

"రొట్టే, అమ్మా."

"మందుల పని ఏదైనా చేస్తారా? పొలం మందులు, ఎలుకల మందు, అలాంటివి ఇంట్లో ఉన్నాయా?"

బల్ల కింద ఇల్లాలి చెయ్యి అతని చేతిని వెతుక్కుంది. స్పర్శ తెలియని చెయ్యి, అయినా దొరికించుకుని నొక్కింది. ఏమని నొక్కిందో వేరే చెప్పక్కర్లేదు. చెపితే డాక్టరమ్మ రాస్తుంది. రాస్తే గోదాముకు పోతుంది. పూడ్చమన్నది ఇంటికి తెచ్చుకున్నాడని తెలిస్తే గుమాస్తా మెడపట్టి గెంటుతాడు. ఆ నెల జీతం రాదు. ఆఖరు ఫీజు గడువు ఆ నెలాఖరే. గడువు దాటితే పరీక్ష రాయనివ్వరు. పిల్ల చదివిన ఏళ్ళన్నీ ఒక్క నెల కోసం కాలువలో కలిసిపోతాయి.

"అలాంటివేం లేవమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ బలానికి మాత్రలు రాసి, వారం ఆగి రమ్మంది.

ఇంటికి వస్తూ దారిలో ఇల్లాలు ఆగి ఆగి, కష్టపడి ఒక మాట అంది. "జీతం... రానీ."

ఆ రోజు నుంచి వాళ్ళింట్లో ఆ పిండి ముట్టుకోలేదు. గుండ్రాయి గంజి కాచి ఆమె నోట్లో పోసేవాడు. కానీ తెల్లారేసరికి గోడ అవతల నుంచి చప్పుడు వినబడేది. టప్, టప్, టప్. కుట్టుపని ఆవిడ రొట్టెలు తడుతోంది.

మొదటి రోజు విన్నాడు. రెండో రోజు వినలేక వెళ్ళి ఆమె గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా, ఆ పిండి ఏమన్నా మిగిలితే ఇటు ఇవ్వు."

ఆవిడ మిషను ఆపి ఎగాదిగా చూసింది. "ఇచ్చింది తిరిగి అడిగే ఇల్లా మరిదీ మీది? అంత కరువొచ్చిందా?" అని నవ్వి, నవ్వు మధ్యలో ఆగిపోయింది. వంట చేసే మనిషి మంచాన పడింది, మగవాడు ఆకలితో ఉన్నాడు, నోరు తెరిచి అడగలేక పిండి అడిగాడు అనుకుంది. "అయ్యో, నా మతి మండ! నువ్వు పో. నేను పంపిస్తా."

కాసేపటికి బొంగరం వచ్చింది. రెండు చేతులతో పళ్ళెం పట్టుకుంది. పళ్ళెంలో వేడి వేడి రొట్టెలు, మూత వేసి.

"అమ్మమ్మ తినమంది. పిన్నికి కూడా పెట్టమంది."

గుండ్రాయి పళ్ళెం అందుకున్నాడు. పిల్ల వెళ్ళేదాకా ఆగి, రొట్టెలు పట్టుకెళ్ళి మురికి కాలువలో పడేశాడు. పళ్ళెం కడిగి తిరిగి ఇచ్చాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. మర్నాడు మళ్ళీ రొట్టెలు వచ్చాయి. మళ్ళీ కాలువలో వేశాడు. ఆవిడ మాత్రం సంతోషంగా ఉంది, ఇరుగుపొరుగుకు సాయపడుతున్నానని.

ఒకరోజు కూతురు ఫోన్ చేసింది. అమ్మకు ఇమ్మంది. ఇవ్వక తప్పలేదు.

"అమ్మా, మాట అలా ఉందేమిటి? నిద్రలో లేపానా?"

"పన్ను... నొప్పి" అంది తల్లి.

"ఫీజు సంగతి అడగడానికి చేశాను. లేకపోతే చెప్పండి, వచ్చే ఏడు రాస్తాను. పర్వాలేదు."

తల్లి తల అడ్డంగా ఊపింది. ఫోన్లో తల కనబడదు కదా. గుండ్రాయి ఫోన్ తీసుకుని, "పంపుతున్నా" అన్నాడు. అతని కూతురికి తండ్రి ఒక్క మాట మాట్లాడితే అది రాతి మీద రాసినట్టు. ఊరుకుంది.

జీతం వచ్చింది. గోదాము నుంచి తిన్నగా వెళ్ళి ఫీజు పంపించాడు. రసీదు జేబులో పెట్టుకుని వీధి మలుపు తిరిగేసరికి బొంగరం ఎదురుగా పరిగెత్తుకొస్తోంది, ఎప్పటిలాగే. పరిగెత్తుతూ పరిగెత్తుతూ పక్కకు పోయింది. గోడకు కొట్టుకుంది. లేచి నిలబడి, మళ్ళీ ముందుకు రాబోయి, మళ్ళీ పక్కకు పోయింది. దెబ్బ తగిలినందుకు కాదు గానీ, కాళ్ళు తన మాట విననందుకు ఏడుపు మొదలుపెట్టింది.

పిల్లను ఎత్తుకుని గుండ్రాయి పక్కింట్లోకి వెళ్ళాడు. పిల్లను మంచం మీద కూర్చోబెట్టాడు. పిండి డబ్బా ఎక్కడుందో చూసి, ఎత్తి బయటకు పట్టుకెళ్ళి మట్టిలో బోర్లించాడు. తిరిగి వచ్చి నిలబడి చెప్పాడు. బస్తాలు, పుర్రె, గొయ్యి, ఆసుపత్రి, అన్నీ చెప్పాడు. పుట్టిన తర్వాత అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అతనికి అదే మొదలు.

కుట్టుపని ఆవిడ కేకలు వేయలేదు. మిషను మీద సగం కుట్టిన గుడ్డ అలాగే ఉంది. దాన్ని చూస్తూ అడిగింది.

"ఆసుపత్రికి వెళ్ళిన రోజే నీకు తెలుసు."

"తెలుసు."

"నేను రోజూ రొట్టెలు తట్టడం నీకు వినబడుతోంది."

"వినబడుతోంది."

"జీతం కోసం ఆగావు."

"ఆగాను."

ఆవిడ పిల్లను భుజాన వేసుకుంది. గుమ్మంలో అతను అడ్డుగా ఉంటే, "తప్పుకో" అంది. మరిదీ అనలేదు.

గుండ్రాయి ఇల్లాలిని చెయ్యి పట్టుకుని వెనకే నడిపించుకెళ్ళాడు. ఆసుపత్రిలో అదే డాక్టరమ్మ. అంతా విని కలం పక్కన పెట్టింది. "రంగు కడిగితే పోతుంది. మందు గింజ లోపలికి ఇంకుతుంది. రంగు ఉండగా భయమన్నా ఉండేది" అంది. ఆ రోజే చెప్పి ఉంటే అని మొదలుపెట్టి, ఇల్లాలి మొహం చూసి ఆపేసింది. కొందరికి కొంత తిరిగి వస్తుంది, అందరికీ రాదు అంది. చిన్న ఒంటికి త్వరగా తగిలింది గానీ, పిల్ల తిన్నది తక్కువ కాబట్టి నడక కొంత బాగుపడుతుందేమో అంది. ఇల్లాలి గురించి ఏమీ అనలేదు. ఇద్దరినీ పక్కవార్డులో పడుకోబెట్టి మందులు ఎక్కించారు. ఎక్కిస్తున్నది దేనికో ఎవరూ గట్టిగా చెప్పలేదు.

గోదాముకు కబురు వెళ్ళింది. గుమాస్తా వచ్చి గుండ్రాయిని పిలిపించాడు. తిడతాడనుకుంటే, అతని మొహమూ పాలిపోయి ఉంది. "నీ నోరు పెగలదని నీకిచ్చానురా. అదే నా కొంప ముంచింది" అన్నాడు. మిగిలిన గింజలన్నీ బండికి ఎత్తించి, గొయ్యి పూర్తయ్యేదాకా గట్టున నిలబడ్డాడు. ఈసారి నడుములోతు తీశాడు గుండ్రాయి. పూడ్చాడు. పైన బండరాయి దొర్లించాడు. తర్వాత పార గుమాస్తా చేతికి ఇచ్చి నడిచి ఇంటికి వచ్చాడు. మళ్ళీ ఆ గోదాము గడప తొక్కలేదు.

కూతురికి పరీక్షలు అయ్యేదాకా చెప్పలేదు. అది తల్లి మాట. పరీక్ష రాసి వచ్చిన పిల్ల, గుమ్మంలో సంచీ దించకుండానే తల్లిని చూసింది. ఎడమచెయ్యి గోడకు ఆనించి, కుడిచెయ్యి గాలిలో చాచి, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ తల్లి ఎదురు వస్తోంది. చిన్న గది. తండ్రి కాళ్ళు చాపితే సరిపోయే గది. ఆమె దాన్ని దాటేసరికి పిల్ల గుమ్మంలోనే కూలబడింది.

"ఎందుకు చెప్పలేదు?" అని తండ్రిని అడిగింది. ఏడ్చి అడిగింది, చొక్కా పట్టుకుని గుంజి అడిగింది. ఆయన దగ్గర మాటలు అయిపోయాయి. ఉన్నవన్నీ పక్కింట్లో ఖర్చుపెట్టేశాడు.

"సెలవులకు వచ్చినప్పుడు నాకు వేరే పిండి పెట్టావు" అంది తల్లితో. "నీకు అనుమానం ఉంది కదూ? ఉండే తిన్నావు కదూ?"

తల్లి మొహం అటు తిప్పుకుంది. సరిగ్గా కనబడకపోవడం వల్ల తిప్పుకుందో, ఇంకెందుకు తిప్పుకుందో.

కూతురు పాసయింది. కొత్తగా వేసే రోడ్డు పనిలో నేల కొలిచే ఉద్యోగం దొరికింది. మొదటి జీతం సగం ఇంటికి పంపింది. ఆ రోజు గుండ్రాయి కిరాణా కొట్టుకు వెళ్ళాడు. ఇప్పుడతను బజారులో రోజుకూలీకి మూటలు మోస్తున్నాడు. కొట్టతను అలవాటుగా నాసిరకం డబ్బా మీద చెయ్యి వేస్తే, "అది కాదు, మంచిది" అన్నాడు. తెల్లటి పిండి. రెండు సంచుల్లో కట్టించాడు.

ఇంట్లో ఒక సంచి విప్పి పళ్ళెంలో పోశాడు. ఇల్లాలి చెయ్యి పట్టుకుని పిండిలో పెట్టాడు. ఆమె వేళ్ళకు అది పిండని తెలియలేదు. ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూసింది. అప్పుడు తెలిసింది. మొహం ఆందోళనగా పెట్టి, పెదవులు కూడదీసుకుని అడిగింది.

"నీళ్ళు... తేటగా... వచ్చాయా?"

"వచ్చాయి" అన్నాడు.

రెండో సంచి తీసుకుని పక్కింటికి వెళ్ళాడు. లోపల మిషను నడుస్తోంది. అతని అడుగు వినగానే ఆగింది. బొంగరం గుమ్మం పట్టుకుని నిలబడి చూసింది. ఇప్పుడు ఆ పిల్ల పరిగెత్తదు. సంచి గడప మీద పెట్టి వచ్చేశాడు.

సాయంత్రం నీళ్ళకని బయటకు వస్తే సంచి తన గుమ్మం ముందు ఉంది. కొట్టతను వేసిన ముడి వేసినట్టే ఉంది. గుండ్రాయి దాన్ని లోపలికి తెచ్చి, మొదటి సంచి పక్కన పెట్టి, రొట్టెలకు పిండి కలపడానికి కూర్చున్నాడు.